బొటనవేలి నుంచి రికాబు దాకా

ఎన్నూరు తీరాన ఓ సాయంత్రం గుర్రమెక్కిన పిల్లాణ్ణి చూశాను. ఏడెనిమిదేళ్లుంటాయి. కాళ్లు ఇనుప రికాబు దాకా అందడం లేదు. చెప్పులు కింద పడేసి, రికాబు వేలాడే తోలుపట్టీ రెండు పేటల మధ్యకి బొటనవేలు దూర్చాడు. అంతే, అప్పటిదాకా అటూ ఇటూ ఊగిన నడుము నిలబడింది. పగ్గం పట్టుకున్నతను మాత్రం కంగారుపడ్డాడు. "వేలు తియ్యి నాన్నా, పడితే ఈడ్చుకుపోద్ది!"

వాడికి ఎవరూ నేర్పలేదు. కానీ వాడు చేసిన పని రెండు వేల ఏళ్ల కిందట ఈ దేశంలో జరిగిందనే చాలామంది చరిత్రకారులు అంటారు.

గుర్రాన్ని మచ్చిక చేసుకున్న మనిషి వేల ఏళ్లపాటు రికాబు లేకుండానే స్వారీ చేశాడు. అలెగ్జాండర్ సైన్యానికీ రికాబు లేదు. తొడలతో గుర్రాన్ని బిగించి పట్టుకోవడమే, పట్టు సడలితే నేల మీదే. సాంచీ, భాజా, మథుర శిల్పాల్లో, అంటే క్రీ.పూ. రెండు, ఒకటో శతాబ్దాల నాటి రాతిలో, కొందరు రౌతుల పాదాల దగ్గర ఒక ఉచ్చులాంటిది కనిపిస్తుంది. బొటనవేలు పట్టేంత తాడు. అది గుర్రం పొట్టకి కట్టిన పట్టీయేననీ, రౌతు పాదాన్ని అందులో దోపాడనీ వాదించేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, కాలికి ఒక ఆసరా కావాలన్న ఆలోచన ఆ రాతిలో కనిపిస్తూనే ఉంది.

ఆ ఆలోచన ఇక్కడే ఎందుకు పుట్టింది? మనది ఉక్కపోత దేశం, రౌతు వట్టికాళ్లతో గుర్రమెక్కేవాడు. బొటనవేలు ఖాళీగా ఉంది కాబట్టే దానికి పని దొరికింది. తోలు బూట్లు తొడుక్కునే చలిదేశపు రౌతుకి ఈ ఉచ్చు పనికిరాదు. అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ 1962లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతే చెప్పాడు. ఆలోచన ఉత్తరానికి పోయింది, అక్కడ బూటు పట్టేలా ఉచ్చు పెద్దదైంది అని ఆయన లెక్క. ఈ వాదన నాకు నచ్చుతుంది. ఎండకి వట్టికాళ్లతో తిరగడం మన పేదరికానికి గుర్తని చాలామంది అనుకుంటారు. ఆ కాలే ఒక ఆవిష్కరణకి పుట్టిల్లయింది.

అయితే బొటనవేలి ఉచ్చుకి హద్దులున్నాయి. అది తూకం నిలుపుతుంది తప్ప మనిషి బరువు మోయలేదు. బరువంతా కాళ్ల మీద మోపి లేచి నిలబడాలంటే జీనులో గట్టి చట్రం ఉండాలి, లేకపోతే పట్టీ గుర్రం వీపుని కోసేస్తుంది. ఆ చట్రమూ, పాదం మొత్తం పట్టే రికాబూ కలిసినప్పుడే పని పూర్తయింది. చైనాలో చాంగ్‌షా దగ్గర క్రీ.శ. 302 నాటి సమాధిలో దొరికిన మట్టిబొమ్మ గుర్రానికి ఒక్క వైపే రికాబు ఉంది, అది ఎక్కడానికి మెట్టు. 415లో మరణించిన చైనా రాజవంశీకుడు ఫెంగ్ సుఫు సమాధిలో మాత్రం జత దొరికింది. కర్రకి లోహపు తొడుగు వేసిన రికాబులవి. తర్వాత అవార్లనే సంచార జాతి వెంట రికాబు ఐరోపా చేరింది.

మన మాటల్లోనూ ఈ ప్రయాణం కనిపిస్తుంది. కళ్లెం మన మాట. జీను, రికాబు పారసీ దారిన వచ్చాయి. అంతకు ముందు రికాబుకి తెలుగులో 'అంకవన్నె' అన్న మాట ఉండేది, తమిళంలో 'అంగవడి', కన్నడంలో 'అంకవణె'. మూడు భాషల్లో పోలిన మాటలున్నాయంటే ఆ వస్తువు ఈ గడ్డ మీద ఎంతగా నలిగిందో చూడండి. అంకవన్నె ఇవాళ నిఘంటువులోనే మిగిలింది, అది నాకు బాధే.

గుర్రం మాత్రం ఈ తీరానికి ఎప్పుడూ చుట్టమే. ఇక్కడ గుర్రాలు పుట్టవనీ, ఏటా వేలకొద్దీ ఓడల్లో దిగుతాయనీ, సరిగా చూసుకునేవాళ్లు లేక చాలా చచ్చిపోతాయనీ మార్కో పోలో రాశాడు. గుర్రాల బేహారులకి మంచి ధర ఇచ్చి మనవాళ్లని చేసుకోవాలనీ, లేకపోతే అవి శత్రువుకి చేరతాయనీ కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో హెచ్చరించాడు. ఉలవగుగ్గిళ్లు పెట్టి, చెమట తుడిచి, నీడన కట్టి కాపాడుకుంటేనే గుర్రం ఈ ఎండని తట్టుకునేది.

ఇక ఆ ఎన్నూరు పిల్లాడిలా మీ పిల్లల్నీ గుర్రం ఎక్కించేముందు రికాబు పట్టీ కుదించమని అడగండి. వేళ్ల కొసలు పట్టీ బకిల్ దగ్గర ఆనించి చెయ్యి చాపితే, రికాబు అడుగుభాగం చంకలోకి రావాలి. అదే సుమారు కొలత. కాలికి మడమ ఉన్న బూటు తొడగండి, పాదం అవతలికి జారిపోకుండా ఆ మడమే ఆపుతుంది. బొటనవేలిని మాత్రం పట్టీలో దూర్చనివ్వకండి.