థియోఫానో వివాహపత్రం: పదవ శతాబ్ది జర్మన్ రాజ్యంలో రాణి అధికారానికి మూలాలు

మధ్యయుగ జర్మన్ రాజవంశాల వివాహాలను కేవలం సంధి సాధనాలుగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణనలో రాచకన్య రెండు రాజ్యాల నడుమ చేతులు మారే కానుకగానే మిగిలిపోతుంది. వివాహం కుదిరిన తీరును మాత్రమే చూస్తే ఈ అభిప్రాయం సమంజసమే. అయితే వివాహం ఆమెకు ఏ హక్కులను సంక్రమింపజేసింది, వైధవ్యంలో అవి ఎలా అక్కరకు వచ్చాయి అన్నవి వేరే ప్రశ్నలు. ఒట్టోనియన్ వంశపు కోడలు థియోఫానో చరిత్ర వీటికి సమాధానమిస్తుంది.

962లో చక్రవర్తిగా అభిషిక్తుడైన మొదటి ఒట్టో తన కుమారుడికి బైజాంటియన్ రాచకన్యను కోరాడు. 968లో రాయబారిగా వెళ్లిన క్రెమోనా బిషప్ ల్యూట్‌ప్రాండ్ విఫలుడై తిరిగివచ్చాడు. మరుసటి ఏడు కాన్‌స్టాంటినోపుల్ సింహాసనమెక్కిన జాన్ త్సిమిస్కిస్ తన బంధువైన థియోఫానోను పంపాడు. ఆమె చక్రవర్తికి పుట్టిన కుమార్తె కాదు. ఆమెను తిప్పిపంపమని కొందరు సలహా ఇచ్చారని మెర్సెబర్గ్ బిషప్ థియెట్‌మార్ రాశాడు. ఒట్టో ఆ మాట చెవిన పెట్టలేదు. 972 ఏప్రిల్ 14న రోమ్‌లో రెండవ ఒట్టోతో ఆమె వివాహం జరిగింది.

ఆనాటి వివాహపత్రం ఊదా రంగు చర్మపత్రంపై బంగారు అక్షరాలతో నేటికీ వోల్ఫెన్‌బ్యూటెల్ దస్త్రాగారంలో ఉంది. ఇటలీలో ఇస్ట్రియా, పెస్కారా. ఆల్ప్స్‌కు ఉత్తరాన వాల్చరెన్, నివెల్ మఠం, బొప్పార్డ్, నార్డ్‌హౌజన్ మొదలైన ఆస్తులు అందులో ఆమెకు దత్తమయ్యాయి. ఇది వధువు తెచ్చిన కట్నం కాదు. వధువు తండ్రికి చెల్లే కన్యాశుల్కమూ కాదు. వరుడి పక్షం వధువుకే రాసియిచ్చిన ఆస్తి. ఆస్తితోపాటు సామ్రాజ్యంలో భాగస్వామ్యాన్ని కూడా ఈ పత్రం పేర్కొంటుంది.

ఆ భాగస్వామ్యానికి 983లో పరీక్ష ఎదురైంది. డిసెంబరులో రెండవ ఒట్టో రోమ్‌లో మరణించాడు. మూడేళ్ల మూడవ ఒట్టోకు ఆఖెన్‌లో పట్టాభిషేకం జరిగింది. బాలుడిని బవేరియా మాజీ డ్యూక్ హెన్రీ తన అధీనంలోకి తీసుకున్నాడు. మైంజ్ ఆర్చిబిషప్ విల్లిగిస్ మొదలైనవారు రాణి పక్షాన నిలిచారు. 984 జూన్‌లో హెన్రీ బాలుడిని అప్పగించక తప్పలేదు. 991 జూన్ 15న మరణించేవరకు థియోఫానో కుమారుడి పేర రాజ్యమేలింది. తదనంతరం ఆమె అత్త ఆడెల్‌హైడ్ ఆ బాధ్యతను వహించింది.

ఈ అధికారానికి పరిమితి లేకపోలేదు. అభిషిక్తుడైన కుమారుడు లేకుంటే ఆమె పాలనకు ఆస్కారముండేది కాదు. అయినా 990లో రవెన్నాలో వెలువడిన ఒక పత్రం గమనార్హం. అందులో ఆమె బిరుదు పుంలింగంలో, చక్రవర్తిగా కనిపిస్తుంది. కాలం ఆమె సామ్రాజ్యాధికారపు 18వ సంవత్సరంగా లెక్కించబడింది. ఆ లెక్క భర్త మరణంతో గాని కుమారుడి పట్టాభిషేకంతో గాని మొదలుకాలేదు, 972తో మొదలైంది. సంధి కోసం పంపబడిన వధువు తన వివాహ సంవత్సరాన్నే తన పాలనకు ఆరంభంగా ప్రకటించుకున్నదని ఈ గణన నిరూపిస్తున్నది.