పాలపళ్లు మోసిన నింద

1839 నాటి ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో 5,016 చావులకు పళ్లు రావడమే కారణమని రాశారు. ఈ నింద పాలపళ్లకు అవి మొలిచే వయసు వల్ల అంటుకుంది. కింది ముందుపళ్లు ఆరో నెల అటూ ఇటూగా కనిపిస్తాయి, 20 పళ్లూ వచ్చేసరికి మూడేళ్లు కావస్తుంది. తల్లి నుంచి అందిన రోగరక్షణ తరిగేదీ, బయటి తిండీ నీళ్లూ మొదలయ్యేదీ, బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. మురికి నీళ్లు తెచ్చిన విరేచనాలు పళ్ల ఖాతాలో పడ్డాయి. అప్పటి వైద్యులు కళ్లు మూసుకున్నారా అంటే, లేదు. చొంగ, చిగుళ్ల వాపు, చిరాకు నిజమే. పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే చెప్పినట్టు చిగురు కోస్తే కొందరు పిల్లలు తేరుకున్నారు కూడా. కానీ కోయకపోయినా తేరుకునే పిల్లలెందరో ఎవరూ లెక్క చూడలేదు.

కాలం అలాంటిది, తెలియక చేశారు అని సరిపెట్టుకోవచ్చు. ఆ వాదన నాకు సగమే నచ్చుతుంది. అంతకు వెయ్యేళ్ల ముందటి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం కూడా దంతోద్భేదాన్ని, అంటే పళ్లు మొలవడాన్ని, సర్వరోగాలకూ కారణమనే అంది. పొరపాటు అదే. అయితే పళ్లు వచ్చాక ఆ బాధలు వాటంతటవే తగ్గుతాయి కనుక బిడ్డను అతిగా కట్టడి చేయవద్దని కూడా చెప్పింది. పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది తప్పుడు నమ్మకం ఒక్కటే కాదు, ఏదో ఒకటి చేసితీరాలన్న వైద్యుల ఆత్రం కూడా.

ఆ ఆత్రమే పళ్ల పొడుల రూపంలో అంగళ్లకెక్కి ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. వాటిలో ఉన్నది కాలొమెల్, అంటే పాదరసపు లవణం. పిల్లల చేతులూ కాళ్లూ ఎర్రబడి తోలు ఊడే 'పింక్ డిసీజ్'కు మూలం తెలియక వైద్యులు తికమకపడ్డారు. 1948లో అమెరికాలో పరిశోధకులు వార్కనీ, హబ్బర్డ్ ఆ రోగుల మూత్రంలో పాదరసం ఉందని ప్రకటించారు. పొడి వాడిన పిల్లల్లో చాలామందికి ఏమీ కాలేదు కదా అని ఎదురు ప్రశ్న వచ్చింది. గట్టి ప్రశ్నే. కానీ ఒకే విషం అందరి ఒంటికీ ఒకేలా పడదు. దానికి అసలు జవాబు 1954 తర్వాత దొరికింది: బ్రిటన్‌లో తయారీదారులు పొడుల్లోంచి పాదరసం తీసేశారు, కొద్ది ఏళ్లలోనే ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. పిల్లలకు పళ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉన్నాయి.