కుంఫిణీ పటాలాలు, తెలుగు సిపాయిలు

మా పెనుగంచిప్రోలులో పెద్దవాళ్ళు ఆఫీసు ప్యూనును ఇప్పటికీ బంట్రోతు అనే అంటారు. జమీందారీల కాలంలో బంట్రోతు అంటే ఆయుధం పట్టిన కాలిబంటు. బల్లెం మోసినవాడు ఫైళ్ళు మోసేవాడుగా మారాడు. ఆ మాట అర్థం దానంతటదే దిగజారలేదు. ఒక వర్తక సంస్థ రాజ్యశక్తిగా ఎదుగుతూ, ఈ దేశంలో ఎవరి చేతిలో ఆయుధం ఉండాలో, ఎవరి చేతిలో ఉండకూడదో వేసుకున్న లెక్కల ఫలితం అది. ఆ లెక్కల్లో తెలుగువాడి స్థానం ఏమిటన్న ప్రశ్నను మన సాహిత్య చరిత్రకారులు గాని, మామూలు చరిత్రకారులు గాని గట్టిగా వేసినట్టు నాకు కనపడదు.

1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచిననాడు ఈస్టిండియా కంపెనీకి కావలసింది గిడ్డంగికి కాపలా మాత్రమే. నూరేళ్ళకు పైగా ఆ కాపలాతోనే సరిపెట్టుకుంది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకోవడంతో ఆ నిశ్చింత పోయింది. దేశీయులకు ఐరోపా కవాతు నేర్పి తుపాకీ ఇస్తే ఎంత పని జరుగుతుందో ఫ్రెంచివారు అప్పటికే చూపించారు. ఇంగ్లీషువాళ్ళు ఆ పాఠం శత్రువు దగ్గర నేర్చుకున్నారు. 1748 నుంచి స్ట్రింజర్ లారెన్స్ చేతుల్లో మద్రాసు సైన్యం రూపు కట్టింది. పదేళ్ళకు దేశీ సిపాయిలు పటాలాలుగా ఏర్పడ్డారు. ఓడమీద తెచ్చిన తెల్ల సైనికుడికి ఖర్చెక్కువ, పైగా మన నీళ్ళకూ జ్వరాలకూ త్వరగా చస్తాడు. ఇక్కడి మనిషి చవక. వర్తకుడికి అంతకుమించిన యుద్ధశాస్త్రం అక్కర్లేదు.

1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు ఓడలెక్కినప్పుడు అతని వెంట వెళ్ళిన సిపాయిల్ని అక్కడివాళ్ళు ‘తెలంగా’లన్నారు. వాళ్ళలో తమిళులూ ముస్లిములూ ఉన్నా పేరు మాత్రం మనది పడింది. తర్వాత ఉత్తరదేశమంతటా ఎర్రకోటు తొడిగిన ప్రతివాడూ తెలంగాయే. విచిత్రమేమంటే 1857లో ఢిల్లీలోకి దూసుకువచ్చిన తిరుగుబాటు సిపాయిల్ని కూడా, వాళ్ళు అవధ్ ప్రాంతపు బ్రాహ్మణులూ రాజపుత్రులూ అయినా, ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరు కూలికి యుద్ధం చేసేవాడి పేరుగా మారిపోయిందన్నమాట. దీన్ని గర్వంగా చెప్పుకునేవాళ్ళను చూశాను. గర్వించడానికి ఇందులో ఏముందో నాకు తెలియదు.

ప్లాసీ జరిగిన 1757లోనే, జనవరి 24న, బుస్సీ సైన్యం విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోటను నేలమట్టం చేసింది. మరుసటి ఏడు డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకున్నాడు. ఆ ముట్టడికి కొద్దిరోజుల ముందు జీతాల కోసం తిరగబడింది తెల్ల సైనికులు! పట్టుబడినవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది. రెండు వైపులా తుపాకులు మోసినవాళ్ళలో అధిక సంఖ్యాకులు దేశీ సిపాయిలే.

1766లో జనరల్ కయ్యో కొండపల్లి కోటను పట్టుకున్నాడు. మా నందిగామ ప్రాంతం అప్పుడు ముస్తఫానగరమనే కొండపల్లి సర్కారు కిందిది. హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి పోయే బాట ఈ కోట పక్కనుంచే పోతుంది. ఈ బాట ఎవరిదైతే నిజాముకు సముద్రం చూపించేదీ మానేదీ వాళ్ళే. ఆ సంవత్సరం నవంబరులో నిజాముతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అయిదు సర్కార్లకుగాను కంపెనీ ఏటా తొమ్మిది లక్షల రూపాయలు ఇవ్వాలి, అవసరమైనప్పుడు సైన్యం పంపాలి. పంపిన సైన్యం ఖర్చు ఆ తొమ్మిది లక్షల్లోంచి మినహాయింపు. రక్షణ అనేది అమ్ముడుపోయే సరుకని కంపెనీకి తెలిసివచ్చింది. ఈ బేరమే పెరిగి 1798లో సైన్య సహకార ఒప్పందమైంది, 1800లో సైన్యపు ఖర్చు కింద దత్తమండలాలను మింగింది. 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో మార్క్స్, భారతదేశపు డబ్బుతో పోషించే భారతీయ సైన్యమే భారతదేశాన్ని దాస్యంలో ఉంచుతున్నదని రాశాడు. ఆ మాటకు సర్కార్ల చరిత్ర కన్న మంచి వ్యాఖ్యానం లేదు.

తన పటాలం పెరిగేకొద్దీ ఇతరుల పటాలం ఉండకూడదు. ఈ రెండో సగం ముఖ్యమైనది. విజయనగరం రాజు బలగాలను రద్దు చేయమన్న ఒత్తిడీ, పేష్కషు బకాయీ కలిసి 1794 జులై 10న పద్మనాభం యుద్ధానికి దారితీశాయి. చిన విజయరామరాజు అక్కడ నేలకొరిగాడు. మన జగ్గయ్యపేటను (పూర్వం బేతవోలు) తండ్రి పేర కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చింది ఆ రోజుల్లోనే. కుంఫిణీ సిపాయిల పహరా భరించలేకనే అంటారు. 1802 శాశ్వత పైసలాతో జమీందారుకు మిగిలింది శిస్తు వసూలు. యుద్ధసేవకు ప్రతిఫలంగా ఇచ్చిన మొఖాసాలు పేర్లుగా మిగిలాయి. నూజివీడు వైపు మొఖాసా నరసన్నపాలెం ఉంది చూడండి. జమీందారు పోయినందుకు నాకు చింతలేదు, అతని బంట్రోతు కూడా రైతు మీదికే గదా వెళ్ళేవాడు! కాని కత్తి తీసుకున్నవాడు జమీందారు చేతిలో కొరడాను ఉంచాడు. భూస్వామ్యాన్ని నిరాయుధం చేసి, దోపిడీకి మాత్రం లైసెన్సు ఇచ్చాడు.

సిపాయిలు ఎప్పుడూ కిక్కురుమనలేదనుకోవడం పొరపాటు. 1780 అక్టోబరులో, హైదరాలీ మీదికి పంపడానికి మద్రాసు ఓడలెక్కమంటే విశాఖపట్నంలో సిపాయిలు ఎదురుతిరిగారు. 1806 జులైలో వేలూరు భగ్గుమంది. అయినా మనీలా, జావా, బర్మా, చైనా, కంపెనీకి ఎక్కడ అవసరమైతే అక్కడికి మద్రాసు పటాలాలు వెళ్ళాయి. 1857లో మద్రాసు సైన్యం దాదాపుగా కదలలేదు.

దానికి దక్కిన బహుమానం చూడండి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దీర్ఘకాల శాంతిలో దక్షిణాదివాళ్ళు మెత్తబడిపోయారని, యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. తన స్మృతుల్లో దాన్ని దాచుకోలేదు. ‘వీరజాతులు’ అనే సిద్ధాంతం రాజముద్రతో వెలసింది. ఇది శరీరాలు కొలిచి కనిపెట్టిన శాస్త్రం కాదు. రష్యా భయంతో చూపు ఆఫ్ఘన్ సరిహద్దుకు తిరిగింది. ఆ సరిహద్దుకు దగ్గరవాళ్ళూ, 1857లో పక్కన నిలిచినవాళ్ళూ పంజాబీలు. అందుకని వాళ్ళు వీరులైనారు. 1759లో మద్రాసు కోస్తా సిపాయిలుగా పుట్టిన ఒక పటాలం, మనుషులు మొత్తంగా మారిపోయి, 1903కల్లా 62వ పంజాబీలైంది. ఇవాళ అది పాకిస్తాన్ సైన్యంలో ఉంది. మహారాష్ట్రలో మహర్లకు 1890ల్లో ఇదే గతి పట్టింది.

ఇక్కడ మన సాహిత్యం మీద ఒక ఫిర్యాదు ఉంది. బొబ్బిలి కథ పాడుకున్నాం, పల్నాటి కథ పాడుకున్నాం. రాజుల పరువు కోసం చచ్చినవాళ్ళను తరతరాలు ఏడిపించే పాటలు కట్టుకున్నాం. అయిదు రూపాయలో ఏడు రూపాయలో జీతానికి రంగూన్ వెళ్ళి తిరిగిరాని మాల సిపాయి, గొల్ల సిపాయి గురించి బుర్రకథ నేను వినలేదు. పైగా ‘వీరజాతి’ అనే రాబర్ట్స్ మాటను కులానికొకటి చొప్పున తగిలించుకుని కుల పత్రికలు నడుపుకున్నాం. వలసపాలకుడు పిరికివాళ్ళన్నందుకు, మేమూ వీరులమేనని వాడి కొలబద్దతోనే కొలుచుకున్నాం.

1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు లేచినప్పుడు మలబారు స్పెషల్ పోలీసులను దింపారు, చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. మలబారువాడు, అస్సాం నుంచి వచ్చినవాడు తెలుగు కోయవాడి మీద! పాత మద్రాసు పటాలాల వారసత్వంగా మిగిలిన మూడో మద్రాసు రెజిమెంటును పొదుపు పేరుతో 1933 నాటికి పూర్తిగా ఎత్తేశారు. మరో ఎనిమిది తొమ్మిదేళ్ళకు జపాను బర్మా వైపు రాగానే మనుషులు చాలలేదు. మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టి, పనికిరారన్న ఊళ్ళల్లోనే జవాన్లను చేర్చుకున్నారు.