నెత్తురు పుట్టినిల్లు



“కడుపులో బల్ల పెరిగింది” అన్న మాట మన డెల్టా పల్లెల్లో పాతతరం వారికి సుపరిచితం. ప్లీహం ఉబ్బి, ఎడమ పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగలడమే బల్ల. మలేరియా దానికొక కారణం. మరొక కారణం తెలియాలంటే నెత్తురు ఎక్కడ పుడుతుందో విచారించాలి.

ఆహారరసం యకృత్తునూ ప్లీహాన్నీ చేరి అక్కడ ఎర్రబడి రక్తమవుతుందని సుశ్రుతుడు సూత్రస్థానంలో చెప్పాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ కూడా రక్తానికి పుట్టినిల్లు కాలేయమే అన్నాడు. 1868లో ఎర్నెస్ట్ నోయ్‌మన్, బిజ్జొజెరో ఎముకల మూలుగలో రక్తకణాలు తయారవుతున్నట్లు వేర్వేరుగా కనుగొన్నారు. ప్రాచీనుల మాట వీగిపోయింది.

పూర్తిగా మాత్రం కాదు. గర్భంలోని శిశువుకు కొన్ని నెలలపాటు రక్తం ప్రధానంగా కాలేయంలోనే తయారవుతుంది. ప్లీహమూ కొంత తోడ్పడుతుంది. పుట్టేనాటికి ఆ పని మూలుగకు చేరుతుంది. సుశ్రుతుడికి ఇదంతా ముందే తెలుసునని నేననను. ఆ అవయవాలు పాత విద్యను పూర్తిగా మరచిపోవన్నదే ఇక్కడి విశేషం.

1925లో అమెరికా వైద్యుడు కూలీ పాలిపోయిన ముఖాలు, పెరిగిన ప్లీహాలు గల పిల్లలను గూర్చి వ్రాశాడు. గ్రీకులో సముద్రమనే అర్థమున్న పదం నుంచి 1932లో ఆ వ్యాధికి తలసేమియా అన్న పేరు వచ్చింది. ఇందులో ఎర్రకణాలు చాలావరకు మూలుగలోనే, పక్వం కాకముందే నశిస్తాయి. లోటు తీర్చబోయి మూలుగ విస్తరిస్తుంది, ముఖపుటెముకలు ఉబ్బుతాయి. అదీ చాలనప్పుడు కాలేయం, ప్లీహం మళ్ళీ పనికి పూనుకొంటాయి. 2024 సెప్టెంబరులో కట్టలు తెగిన బుడమేరు మన బెజవాడను ముంచినట్లే, హద్దు దాటిన ఈ ఉత్పత్తి కూడా కీడే చేస్తుంది. పెరిగిన ప్లీహం ఉన్న కణాలనే మింగుతుంది. వెన్నెముక పక్కన పెరిగిన రక్తోత్పాదక కణజాలం వెన్నుపామును నొక్కితే కాళ్ళు చచ్చుబడవచ్చు. క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే ఈ వృథాప్రయాస అణగుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అలసిన మూలుగకు అది ఆసరాయే గాని ఈ వ్యాధికి మందు కాదు.

తల్లిదండ్రులిద్దరూ ఈ లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. జాతకాలు చూపించే పెద్దలు పెళ్ళికి ముందు హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష కూడా చేయిస్తే, ఒక పసివాడు నెలనెలా పరాయి నెత్తురుకై ఎదురుచూసే దుస్థితి తప్పవచ్చు.