టీనా టర్నర్‌కు మిగిలింది పేరొక్కటే

ఏళ్ళ తరబడి చాకిరీ చేసి, ఫైనల్ సెటిల్‌మెంట్ లేకుండా బయటికి రావడం ఎలా ఉంటుందో మన క్యాంపుల్లో చాలామందికి తెలుసు. అమెరికాలో ఒక పేరున్న గాయనికి కూడా ఆ గతే పట్టింది. ఆమే టీనా టర్నర్. ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె తిరిగి ఎలా నిలబడిందో ఈ వారం చెప్పుకుందాం.

ఆమె అసలు పేరు ఆనా మే బులక్. 1939 నవంబరు 26న టెన్నెసీ రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. నట్‌బుష్ అనే పల్లెలో, పత్తి చేల మధ్య పెరిగింది. చిన్నతనంలో తనూ పత్తి ఏరింది. ఆ పనంటే అసహ్యంగా ఉండేదని తర్వాత చెప్పుకుంది. పదహారేళ్ళ వయసులో సెయింట్ లూయిస్ నగరానికి చేరింది. అక్కడ ఐక్ టర్నర్ అనే సంగీతకారుడి బ్యాండులో పాడే అవకాశం దొరికింది.

1960లో తొలి హిట్ పాట వచ్చింది. "టీనా టర్నర్" అనే పేరు పెట్టింది ఐకే. పెట్టడమే కాదు, ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు కూడా చేయించాడు. ఆమె వెళ్ళిపోతే ఇంకొకరిని తెచ్చి అదే పేరుతో పాడించవచ్చని ఆయన లెక్క. తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. "ప్రౌడ్ మేరీ" పాటకు 1972లో గ్రామీ బహుమతి వచ్చింది. కచేరీలకు జనం విరగబడేవారు. కానీ డబ్బంతా ఐక్ చేతిలోనే ఉండేది. పైగా ఒంటిమీద దెబ్బలు. ఆ సంగతి 1981లో ఆమే ఒక పత్రికకు బయటపెట్టింది.

1976 జులైలో డాలస్ నగరంలో ఒక రాత్రి ఆమె హోటలు గది వదిలి పారిపోయింది. అప్పుడు తన దగ్గర ఉన్నవి 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు మాత్రమేనని ఆమె చెప్పింది. 1978లో విడాకులు వచ్చాయి. ఆస్తిలో వాటా వదులుకుంది. రద్దయిన కచేరీల అప్పులు ఆమె నెత్తిన పడ్డాయి. కోర్టులో ఆమె పట్టుబట్టి అడిగింది ఒక్కటే, టీనా టర్నర్ అనే పేరు. అది దక్కింది.

ఎందుకు అడిగింది? పేరు పెట్టింది వేరొకరైనా, దానికి విలువ తెచ్చింది ఆమె గొంతు, ఆమె చెమట. ఆ పేరు పోతే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

పేరు దక్కినా పని వెంటనే దొరకలేదు. సొంతంగా చేసిన ఆల్బమ్‌లు అమ్ముడుపోలేదు. రికార్డు కంపెనీ ఆమెను వదిలేసింది. హోటళ్ళలో, క్లబ్బుల్లో, టీవీ షోలలో పాడుతూ అప్పులు తీర్చింది. ఆ రోజుల్లోనే రోజర్ డేవీస్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు మేనేజరుగా వచ్చాడు. 1983లో క్యాపిటల్ రికార్డ్స్ అనే కొత్త కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది చివర విడుదలైన "లెట్స్ స్టే టుగెదర్" ముందు బ్రిటన్‌లో హిట్టయింది. దాంతో కంపెనీ వెంటనే పూర్తి ఆల్బమ్ అడిగింది. లండన్‌లో పలువురు నిర్మాతలతో కొద్ది వారాల్లోనే రికార్డింగు ముగించారు. "ప్రైవేట్ డాన్సర్" అనే ఆ ఆల్బమ్ 1984 మేలో మార్కెట్లోకి వచ్చింది.

అందులోని "వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్" పాట మొదట్లో ఆమెకే నచ్చలేదు. అయినా పాడింది. అదే 1984 సెప్టెంబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆమె వయసు 44. పాప్ సంగీతంలో ఆ వయసు ఆడవాళ్ళకు ఇక తలుపులు మూసుకున్నట్టే అనుకునే రోజులవి. 1985లో ఆమె మూడు గ్రామీలు అందుకుంది. 1988లో బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో ఆమె కచేరీకి సుమారు 1,80,000 మంది వచ్చారు.

ఆమెకు సాయపడినవాళ్ళు ఉన్నారు, అదృష్టమూ కలిసొచ్చింది. అందరికీ అలా కలిసిరాదు. పాత పదహారేళ్ళ కష్టార్జితం కూడా ఆమెకు తిరిగి రాలేదు. కానీ నేర్చిన పనినీ, సంపాదించిన పేరునూ ఆమె ఎవరికీ రాసివ్వలేదు. 2023 మే 24న స్విట్జర్లాండ్‌లో కన్నుమూసేనాటికి లోకం ఆమెను పిలిచింది ఆ పేరుతోనే.