‘తగినవాడు దొరకలేదు’ అన్న జట్టు: 1955 వరల్డ్ సిరీస్

ఒకే నగరం, రెండు జట్లు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఆడే యాంకీస్, బ్రూక్లిన్‌కు చెందిన డాడ్జర్స్ 1955లో అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్‌లో తలపడ్డాయి. అభిమానులు నగర భూగర్భ రైల్లోనే రెండు స్టేడియాలకూ వెళ్లొచ్చు కనుక ఇలాంటి పోటీని ‘సబ్‌వే సిరీస్’ అంటారు. 7 మ్యాచ్‌లలో 4 గెలిచినవారే విజేతలు. అంతకుముందు 1941, 1947, 1949, 1952, 1953లలో డాడ్జర్స్ యాంకీస్ చేతిలోనే ఓడింది.

గేటు తీసినవారు, మూసినవారు

19వ శతాబ్దం చివరి నుంచి మేజర్ లీగ్ జట్లలో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. రాసిపెట్టిన నిబంధన అక్కర్లేకుండానే యజమానుల అవగాహనతో ఇది సాగింది. 1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగి దాన్ని బద్దలు కొట్టారు. ఆ తర్వాత రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకంబ్, జిమ్ గిల్లియం అదే జట్టులోకి వచ్చారు.

యాంకీస్ మరో ఎనిమిదేళ్లు ఒక్క నల్లజాతి ఆటగాడినీ తీసుకోలేదు. తగినవాడు దొరికితే తీసుకుంటామన్నది యాజమాన్యం మాట. దిగువ స్థాయి జట్టులో రాణించిన ప్యూర్టోరికో నల్లజాతి ఆటగాడు విక్ పవర్‌ను మాత్రం 1953 చివర్లో వేరే జట్టుకు ఇచ్చేసింది. 1949 నుంచి వరుసగా ఐదుసార్లు గెలవడం ఆ వాదనకు ఊతమైంది. యాంకీస్ యాజమాన్యానిది వివక్షేనని 1952లో రాబిన్సన్ టీవీలో బహిరంగంగా అన్నారు. 1955లో ఎల్‌స్టన్ హోవార్డ్ ఆ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడయ్యారు.

మైదానంలో

వరల్డ్ సిరీస్‌లో తాను ఎదుర్కొన్న తొలి అవకాశంలోనే హోవార్డ్ హోమ్ రన్ కొట్టారు. అదే మ్యాచ్‌లో 36 ఏళ్ల రాబిన్సన్ పిచర్ కళ్లుగప్పి హోమ్ బేస్‌కు దూసుకెళ్లి పరుగు తెచ్చారు. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిన డాడ్జర్స్ తర్వాతి మూడూ గెలిచింది. ఆరోది యాంకీస్‌ది.

అక్టోబర్ 4న యాంకీ స్టేడియంలో చివరి మ్యాచ్. గాయంతో రాబిన్సన్ ఆడలేదు. డాడ్జర్స్ 2-0 ఆధిక్యంలో ఉండగా, ఆరో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాళ్లు ఇద్దరు బేస్‌లపై ఉన్నారు. యోగి బెర్రా కొట్టిన బంతి ఎడమ అంచు వైపు వెళ్లింది. ఆ ఇన్నింగ్స్‌లోనే అక్కడికి వచ్చిన క్యూబా నల్లజాతి ఆటగాడు సాండీ అమొరోస్ పరుగెత్తి, చేయి చాచి పట్టేశారు. వెంటనే విసిరిన బంతితో మరొకరూ ఔటయ్యారు. పిచర్ జానీ పోడ్రెస్ ఒక్క పరుగూ ఇవ్వలేదు. బ్రూక్లిన్‌కు అదే మొదటి టైటిల్, అదే చివరిదీ. 1957 తర్వాత జట్టు లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది.

మనకేమిటి?

డాడ్జర్స్ ఓడినా రాబిన్సన్‌కు ఆడే హక్కు ఉండేది. గెలుపు ఆ హక్కుకు షరతు కాదు. ఇక యాంకీస్ అంతకాలం ‘దొరకలేద’న్న ప్రతిభ సంగతి: 1963లో హోవార్డ్ అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. ఆ లీగ్‌లో ఈ గౌరవం పొందిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే.

మన విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అధ్యాపక పోస్టులు ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ ముద్రతో ఖాళీగా మిగలడం చూస్తూనే ఉన్నాం. అలాంటి ఫైలు కనబడినప్పుడు మనం అడగాల్సినవి మూడు: ఎంతమందిని పిలిచారు, ఎంపిక కమిటీలో ఎవరున్నారు, తిరస్కరించిన కారణం ఏమని రాశారు?