కత్తి లేని రాయలు

తిరుమల మహాద్వారం దాటగానే వచ్చే మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. మన నాయుడుపేట వాళ్ళం కొండకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు గానీ, వాళ్ళను నిదానంగా చూసింది తక్కువే. క్యూ ఆగనివ్వదు కదా!

ఈసారి చూడండి. తలపై పొడవాటి కుళ్ళాయి, మెడలో నగలు, నడుముకు పంచె. పై బట్ట లేదు. కవచం లేదు, కత్తీ లేదు. ఎవరీయన? మన పాత నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నవాడు. గెలిచాక నేరుగా ఈ కొండకే వచ్చాడు. 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు వచ్చాడు.

ఇప్పుడు హైదరాబాదు వెళదాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో సైనిక దుస్తులు, కత్తి కనిపిస్తాయి. రాజులు యూనిఫాంలో బొమ్మ గీయించుకోవడం 18వ శతాబ్దపు యూరప్‌లో, ముఖ్యంగా ప్రష్యాలో బలపడిన అలవాటు. ఇంగ్లీషువాళ్ళ వెంట మన దేశానికి వచ్చింది. అయితే నిజాం 1798 ఒడంబడికలోనే ఫ్రెంచి అధికారులు తీర్చిదిద్దిన తన పటాలాన్ని రద్దు చేసుకుని, కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. యుద్ధం చేసే స్వేచ్ఛ పోయిన తరువాతే యూనిఫాం తళతళలాడింది! ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారికి ధారాళంగా సాయం చేసి గొప్ప బిరుదులు పొందాడు. ఆయనవీ సైనిక దుస్తుల చిత్రాలున్నాయి. నిత్యం తొడిగింది మాత్రం సాదా షేర్వాణీ, పాత టోపీ. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వస్తే ఆయన రాజ్యం అయిదు రోజులు నిలవలేదు.

నా ఉద్దేశంలో తేడా అంతా చూసేవాడిలో ఉంది. నిజాం చిత్రాన్ని రెసిడెంటు, తోటి సంస్థానాధీశులు చూడాలి. రాయల విగ్రహం చేతులు జోడించింది స్వామికి. అక్కడ శౌర్యం చూపించుకోవలసిన పని రాయలకు లేదు.

ఆ మండపంలోనే అచ్యుతరాయలు, వెంకటపతిరాయలు కూడా ఉన్నారు. వెంకటపతి నాటికి హంపీ పాడుపడింది. కొండ కింద చంద్రగిరి నుంచి మిగిలిన రాజ్యాన్ని ఏలాడు. ఆయనా చేతులు జోడించే ఉన్నాడు.